హత్య స్విట్జర్లాండ్‌లో జరిగినా కారణం మనూరిదే కావాలి

ప్రశ్న: సార్, నేను హన్మకొండలో ఉంటాను. బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. పోయినేడు జూన్‌లో మా కాలనీవాళ్లు, వాళ్ల చుట్టాలు, పాత కొలీగ్స్ కలిసి 38 మందిమి గ్రూప్ టూర్‌లో యూరప్ వెళ్లొచ్చాం. అప్పటి నుంచి ఆ టూర్ మీద ఒక మర్డర్ మిస్టరీ రాయాలని కోరిక. రక్తపాతం, బూతులు లేకుండా ఇంట్లో అందరూ చదువుకునేట్టు ఉండాలి. ఆరు అధ్యాయాలు రాశాను, జతచేస్తున్నాను. పారిస్‌లో ఒక వజ్రాల నెక్లెస్ పోతుంది. దొంగను చూసిన టూర్ మేనేజర్‌ను కాఫీలో సైనైడ్ కలిపి చంపేస్తారు. అక్కడి పోలీసాఫీసర్ వచ్చి విచారణ మొదలుపెడతాడు. అక్కడి నుంచి అందరూ హోటల్ లాబీలో కూర్చుని మాట్లాడుకోవడమే తప్ప కథ కదలట్లేదు. విదేశీ పోలీసుల పద్ధతులు నాకు తెలియవు. అసలు 62 ఏళ్ల ఆడమనిషి హంతకుణ్ని పట్టుకుందంటే నమ్ముతారా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. మా గ్రూపువాళ్లు చదివి "ఇది నా గురించే రాసినవ్" అంటే ఏం చెప్పాలి?
ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అక్కా, ముందే చెప్తున్నా, ఈ నవల ఆపొద్దు. మీ రెండో అధ్యాయం చదువుతుంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మీ వెనకాలే లైన్లో నిలబడ్డట్టు అనిపించింది. బ్యాగు 23 కిలోలు దాటిందని కౌంటర్ ముందే సూట్‌కేసు తెరవడం, మామిడికాయ తొక్కు డబ్బా ఒకరి బ్యాగులోంచి ఇంకొకరి బ్యాగులోకి, అక్కణ్నుంచి మూడోవాళ్ల బ్యాగులోకి పోవడం, చివరికి అది ఎవరిదో ఎవరికీ గుర్తులేక పారిస్‌లో మూత తీశాక "ఇది మా వదినె కలిపిందే" అని ఒకావిడ వాసన పట్టి చెప్పడం, ఇదంతా మీరు కళ్లారా చూసి రాసింది. అదే చెయ్యి మూడో అధ్యాయంలో నెక్లెస్ దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయింది. ఎందుకంటే ఆ నెక్లెస్‌ను మీరు ఎక్కడా చూడలేదు. హన్మకొండ నుంచి బస్సులో తిరిగే టూర్‌కు వెళ్లే ఏ అక్కయ్యా వజ్రాల నెక్లెస్ మెడలో వేసుకుని పోదు, అసలు నగలు లాకర్లో పెట్టి రోల్డ్‌గోల్డ్ వేసుకుని పోతుంది. ఇది బ్యాంకులో పనిచేసిన మీకంటే బాగా ఎవరికి తెలుసు?

కథ కదలకపోవడానికి పోలీసు పద్ధతులు తెలియకపోవడం కారణం కాదు. చంపినవాడికీ చచ్చినవాడికీ మధ్య పాత లెక్క ఏదీ లేదు, అదే కారణం. టూర్ మేనేజర్ పారిస్‌లోనే పరిచయమయ్యాడు, మూడు రోజుల్లో పోయాడు. అతని కోసం బస్సులో ఎవరూ ఏడవరు, అతని వల్ల ఎవరి గుట్టూ బయటపడదు. అందుకే మీ పాత్రలన్నీ లాబీలో కూర్చుని ఊహాగానాలు చేస్తున్నాయి, ఎవరికీ దాచుకోవడానికి ఏమీ లేదు మరి. గ్రూప్ టూర్ కథకు బలం ఏంటంటే, నలభై ఏళ్లుగా ఒకరినొకరు ఎరిగినవాళ్లను తీసుకుపోయి, వాళ్ల ఇల్లు, వాకిలి, ఫోన్ చేస్తే వచ్చే కొడుకులు ఎవరూ లేని చోట పదిహేను రోజులు ఒకే బస్సులో కూర్చోబెడుతుంది. మామూలుగా ఇక్కడైతే పడనివాళ్లు పెళ్లిళ్లలో మొహం తిప్పుకుని పోతారు. అక్కడ పక్క సీటే. కాబట్టి హత్య అక్కడ జరగనివ్వండి, పగ మాత్రం ఇక్కడి నుంచే బస్సెక్కాలి.

మన దగ్గర పగలకు కరువా అక్కా. చిట్టీ ఎత్తుకుని ఎగ్గొట్టినవాడు, మామునూరు విమానాశ్రయం మళ్లీ వస్తోందని చెప్పి ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినవాడు, ష్యూరిటీ సంతకం పెట్టించుకుని మాయమైనవాడు. కానీ నన్నడిగితే సాదా బైనామా తీసుకోండి. మన పల్లెల్లో ఎంతోమంది రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి భూమి కొన్నవాళ్లే. 2014 జూన్ 2కు ముందు అలా కొన్నవాటిని క్రమబద్ధం చేస్తామంటే 2020లో జనం దరఖాస్తులు పెట్టుకున్నారు, అవి ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉండిపోయాయి, 2025లో భూభారతి చట్టం వచ్చాక మళ్లీ కదిలాయి. ఇలాంటి ఫైలు కదిలితే అధికారి వచ్చి అడుగుతాడు, కొన్నదెప్పుడు, సాక్షులెవరు అని. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ముసలాయన సాక్షి సంతకం మీద ఇప్పుడు కోట్ల విలువైన భూమి ఆధారపడి ఉంటుంది. మీ కథలో చనిపోయే మనిషి ఆయనే కావాలి. "ఆ కాగితం మీద సంతకం నాది కాదు, టూర్ నుంచి రాంగనే పోయి చెప్తా" అని ఆయన ఎక్కడో ఒక మాట అని ఉంటాడు. విన్నవాడు అదే బస్సులో ఉన్నాడు.

ఆ దొంగ కాగితాన్ని పట్టుకోవడానికి మీ నాయికకు ఫోరెన్సిక్ ల్యాబ్ అక్కర్లేదు. కాగితం మీద తేదీ 1998 అని ఉంటుంది, భూమి వివరాలు రాసే చోట "ములుగు జిల్లా" అని ఉంటుంది. ములుగు జిల్లా అయ్యింది 2019 ఫిబ్రవరిలో. అంతకుముందు అది 2016 అక్టోబరులో ఏర్పడ్డ భూపాలపల్లి జిల్లాలో ఉండేది, ఇంకా ముందు మన పాత వరంగల్ జిల్లా. హత్యను పారిస్ నుంచి మీ టూర్‌లోని స్విట్జర్లాండ్‌కు మార్చమంటాను, ఎందుకో తర్వాత చెప్తా. అక్కడి పోలీసు ఆ కాగితాన్ని ఎంత మంచి అనువాదకుడితో చదివించుకున్నా ఈ తేడా పట్టలేడు. నర్సంపేటలో పుస్తకం చదువుతున్న మనిషి మాత్రం ఆ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. అందుకని కాగితం మొత్తాన్ని మూడో అధ్యాయంలోనే, ఏ ప్రాముఖ్యం లేనట్టు, ఆయన పాస్‌పోర్టు పౌచ్‌లోంచి జారిపడ్డ జిరాక్సు కాపీగా చూపించేయండి. ముగింపు దాకా దాచి అప్పుడు తీస్తే మోసం చేశారనిపిస్తుంది.

ఇక సైనైడ్. దాన్ని తీసేయండి. రిటైరైన మనుషుల బ్యాగులో అది ఎలా వచ్చిందో చెప్పడానికే మీకు రెండు అధ్యాయాలు పోతాయి. పురుగుల మందు పెడితే ఎలా ఉంటుందని రాతప్రతి అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు, అదీ వద్దు. 1997-98లో పత్తి పోయి మన జిల్లాలో రైతులు ఎలా చచ్చిపోయారో చూసినవాళ్లం మనం, ఆ డబ్బా వాసన తెలిసిన ఇళ్లలోకి మీ పుస్తకం పోతుంది, సరదాగా చదువుకునే కథలో దానికి చోటు లేదు.

మీకు కావలసింది మీరే రాసిపెట్టారు, తొక్కు డబ్బా. గ్రూపులో వస్తువులు ఒక బ్యాగు నుంచి ఇంకో బ్యాగుకు మారుతూనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. అలాగే గోళీలు. మీ బస్సులో 38 మంది ఉంటే కనీసం పాతిక మంది దగ్గర బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్ల నొప్పుల గోళీలు ఉండి ఉంటాయి, సగం మంది దగ్గర వారం పేర్లు రాసిన గళ్ల ప్లాస్టిక్ డబ్బా ఉండి ఉంటుంది. ఒకరి షుగర్ గోళీలు ఇంకొకరి డబ్బాలోకి చేరడం, అదీ షుగరే లేని మనిషి డబ్బాలోకి చేరడం, చాలు. మందుల పేర్లు, మోతాదులు మాత్రం రాయకండి. కథకు వాటి అవసరం లేదు, ఎవరికీ ఆ పాఠం చెప్పాల్సిన పనీ లేదు.

ఆయనకు షుగర్ లేదన్న సంగతి పాఠకులకు ఎలా చెప్పాలి? డాక్టర్ నోట చెప్పిస్తే అది రిపోర్టు చదివినట్టు ఉంటుంది. బస్సు ఆగిన చోట టీ తాగే సీన్ రాయండి. ఉదాహరణకు ఇలా:

"చక్కెర లేకుంటనే", "నాక్కూడా వద్దు", "నాదీ షుగర్‌లెస్సే" అనుకుంటూ పది మంది కప్పులు అందుకున్నారు. ఆయన మాత్రం చక్కెర పొట్లాలు మూడు చింపి పోసుకున్నాడు. "మీవి కూడా ఇటియ్యుండ్రి, పారేసుడెందుకు" అని ఇంకో రెండు జేబులో వేసుకున్నాడు. "గట్ల తాగితే రేపు మా లెక్కనే అయితవ్ బావా" అంది ఒకావిడ. "డెబ్బై రెండేండ్లకు రానిది ఇంకెప్పుడొస్తది" అని ఆయన కప్పు ఎత్తి చప్పరించాడు.

చదివేవాళ్లకు ఇది మనిషి స్వభావంలా కనిపిస్తుంది, క్లూలా కనిపించదు. పైగా ఆయన మీద ఇష్టం కలుగుతుంది. రేపు ఆయన పోయినప్పుడు ఆ జేబులో చక్కెర పొట్లాలు దొరికితే మనసుకు తగులుతుంది, ల్యాబ్ రిపోర్టు వచ్చినప్పుడు అవే సాక్ష్యమవుతాయి. దీనికి జోడుగా ఇంకొకటి పెట్టండి. టూర్‌కు పదిహేను రోజులకు సరిపడా గోళీలు లెక్కపెట్టి తెచ్చుకున్న జాగ్రత్తపరుడు పదకొండో రోజున పక్కాయన్ని "రెండు షుగర్ గోళీలుంటే ఇయ్యరాదే, నావి ఒడిసినయ్" అని అడుగుతాడు. బస్సులో ఇలాంటి మాటలు రోజూ వినిపించేవే కాబట్టి ఎవరూ గమనించరు.

ఇప్పుడు బస్సు కదలాలి. మీ కథ లాబీలో ఇరుక్కుపోవడానికి రెండో కారణం, హత్య అని మొదటి నిమిషంలోనే అందరికీ తెలిసిపోవడం. హత్య అని తెలిస్తే పోలీసులు బస్సును పోనివ్వరు, అందరూ కూర్చోవాల్సిందే. అదే తెలియకపోతే? మీ టూర్‌లో స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బెర్గ్ ఉంది కదా, పొద్దున టిట్లిస్ కొండెక్కి సాయంత్రం హోటల్‌కు వచ్చారు. పైన స్టేషన్ 3,020 మీటర్ల ఎత్తులో ఉంది, వయసు మీదపడ్డవాళ్లకు ఆయాసం వస్తుంది, మీ గ్రూపులోనూ ఇద్దరు ముగ్గురికి వచ్చిందని రాశారు. ఆ రాత్రి 72 ఏళ్ల మనిషి నిద్రలో పోతే అందరూ ఏమనుకుంటారు? ఎత్తు పడలేదు, గుండె ఆగింది అనుకుంటారు. అక్కడి పద్ధతి ప్రకారం మరణం సహజం కాదేమోనన్న అనుమానం ఉంటే ప్రాసిక్యూటర్ శవాన్ని పరీక్ష చేయిస్తారు, నమూనాలు ల్యాబ్‌కు పోతాయి, ఫలితాలు రావడానికి రోజులు పడతాయి. ఈలోపు హోటల్ బుకింగులు ఆగవు, టూర్ సాగుతుంది. వెనిస్ పడవలో కూర్చున్నప్పుడు టూర్ మేనేజర్‌కు ఫోన్ వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది చూసుకోరు. చనిపోయినాయన భార్య, పిల్లలు బస్సులో ఉంటే వాళ్లు ఎంగెల్‌బెర్గ్‌లోనే ఆగిపోతారు, శవాన్ని వదిలి రారు కదా. ఎంబసీ నుంచి నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, ఇన్సూరెన్స్ కంపెనీతో మాటలు, ఇవన్నీ ఎవరో ఒకరు ఉండి చూసుకోవాలి. షెంజెన్ వీసాకు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసాకు, తీసుకునే ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అందులో శవాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా వస్తుంది. ఈ వివరాలు మీకు రెండు పేజీల మంచి సన్నివేశం ఇస్తాయి, బెర్న్‌లోని మన ఎంబసీకి ఫోన్లు, హన్మకొండలో ఆయన కొడుకు రాత్రంతా మేలుకుని ఉండటం. కానీ అనుమానితులంతా బస్సులో ఉండాలంటే చనిపోయే ఆయన్ని భార్య లేని మనిషిగా, ఒంటరిగా వచ్చి ట్విన్ షేరింగ్‌లో ఇంకొకరితో గది పంచుకున్నాయనగా రాయండి. ఆ రూమ్మేట్ ఆ రాత్రి పక్క గదిలో రమ్మీ ఆడి అక్కడే పడుకున్నాడు. మొదటి అనుమానం అతని మీదికే పోతుంది, పోనివ్వండి.

హంతకుడు గోళీలు ఎప్పుడు మార్చాడు? అందరూ కొండ మీద ఉన్నప్పుడు, కింద నిలిపిన బస్సులో. యూరప్‌లో బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకోవాలి, అతని కార్డు మీద అదంతా యంత్రంలో రికార్డవుతుంది, కాబట్టి డ్రైవర్ ఎప్పుడు బస్సు కదిపాడో, ఎప్పుడు ఆపాడో బుకాయించడానికి లేదు. ఒకతను మోకాలు నొప్పని వెనక్కి వచ్చి తలుపు తీయించుకున్నాడని డ్రైవర్‌కు తెలుసు. కానీ అతనికి తెలుగు రాదు, మనవాళ్లెవరూ అతనితో "గుడ్ మార్నింగ్" తప్ప మాట్లాడలేదు, అతన్ని ఎవరూ అడగరు. మీ నాయిక అడగాలి. రోజూ అతనికి రెండు సకినాలు పెట్టే మనిషి ఆమె ఒక్కతే అయితే ఆ సంభాషణ సహజంగా వస్తుంది.

మరి హంతకుడు తానూ పైకి వెళ్లానని అందరినీ ఎలా నమ్మిస్తాడు? దీనికి మీ టూర్‌లోనే జవాబుంది. టిట్లిస్ మీదికి చివరి అంచెలో పోయే రోటేర్ కేబుల్ కారు 1992 నుంచి నడుస్తోంది, పైకి పోతూ గుండ్రంగా తిరుగుతుంది. లోపల నిలబడ్డ మనిషికి ఒకసారి మంచు, ఒకసారి లోయ, ఒకసారి కొండ గోడ కనిపిస్తాయి, మీరు కదలకున్నా దృశ్యం కదులుతుంది. అది ఎక్కనివాడు ఫొటోలు చూసి అబద్ధం అల్లాలంటే ఇక్కడ దొరికిపోతాడు. "నేను కుడి పక్కకే నిలబడ్డ, మీదికి పోయేదాక కింది చెరువునే చూసుకుంట పోయిన" అంటాడు. ఆ మాట ఐదో అధ్యాయంలో, ఎవరికి ఏ ఫొటో బాగా వచ్చిందని అందరూ గోల చేస్తున్నప్పుడు అనిపించండి. కేబుల్ కారు తిరుగుతుందన్న సంగతి అంతకు ముందే, కళ్లు తిరిగి కూర్చున్న ఒకావిడ ద్వారా చెప్పేసి ఉండాలి.

హెడ్‌కౌంట్ సంగతి కూడా వదలకండి. మీరు రాసిన టూర్ మేనేజర్ రోజూ "ముప్పై ఎనిమిది" అని తలలు లెక్కపెడతాడు, అలసిపోయిన రోజు మాత్రం "అందరూ వచ్చారా అండీ" అని అడుగుతాడు. వెనక సీట్లోంచి ఎవరో "మావోళ్లందరు ఎక్కిన్రు, పోనియ్యుండ్రి" అంటారు. మనవాళ్లలో ఒకరి తరఫున ఇంకొకరు జవాబు చెప్పడం అంత మామూలు. ఎవరు ఎవరి కోసం జవాబు చెప్పారో గుర్తుపెట్టుకున్న మనిషికి కొండ కింద ఎవరు మిగిలారో తెలుస్తుంది.

టైమ్ గురించి ఒక మాట, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. వేసవిలో స్విట్జర్లాండ్ కంటే మనం మూడున్నర గంటలు ముందుంటాం. ఫోన్లు వాటంతట అవే మారతాయి, చేతి గడియారం మారదు. మీ గ్రూపులో ఒక అమ్మమ్మ ఉందనుకోండి, మనవరాలు బడికి పోయే ముందు ఫోన్ చేయాలని గడియారాన్ని మన టైమ్ మీదే ఉంచుకుంది. ఆ రాత్రి తన పక్కనే ఉన్న ఆయన గదిలోంచి మాటలు విన్నదీ ఆమే. "పదకొండున్నరకు విన్న, గడియారం చూసిన కదా" అంటుంది. పోలీసులు, పాఠకులు, బస్సులోవాళ్లు అందరూ రాత్రి పదకొండున్నరకు ఆయన బతికే ఉన్నాడని లెక్క వేస్తారు, ఆ టైమ్‌లో హంతకుడు పది మందితో లాబీలో ఉన్నాడు. కానీ ఆమె ఇంకో ముక్క కూడా చెప్పింది, కర్టెన్ సందులోంచి వెలుతురు మొహం మీద పడి నిద్ర పట్టలేదని. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, పదకొండున్నరకు ఉండదు. ఆమె విన్నది అక్కడి టైమ్ రాత్రి ఎనిమిదికి. పెద్దావిడ అబద్ధం చెప్పలేదు, గడియారమూ తప్పు చూపలేదు. ఈ రకం క్లూలో ఎవరినీ మోసగించినట్టు ఉండదు, అందుకే విప్పినప్పుడు చదివేవాళ్లకు సంతోషంగా ఉంటుంది. పారిస్‌లో దిగిన రోజునే ఆవిడ గడియారం గురించి ఒక వాక్యం వేసి మర్చిపోయినట్టు ముందుకు పొండి.

తప్పు దారి పట్టించే గుర్తులు కూడా కావాలి, కానీ అవి ఉత్తుత్తివి కాకూడదు. సకినాల డబ్బా సీటు సీటుకూ తిరుగుతుంటే ఒకావిడ "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అని ముట్టదు. ఆమె ఒక్కపొద్దులుండేది శనివారాలు, ఆ రోజు శుక్రవారం. అనుమానం రాక తప్పదు. చివరికి తేలేదేంటంటే, ఆ సకినాలు తెచ్చినావిడ చిట్టీ డబ్బులు ఎగవేయడం వల్ల వీళ్ల బిడ్డ పెళ్లి ఆరు నెలలు ఆగింది, ఆ చేతి తిండి తినబుద్ధి కాలేదు, నలుగురిలో ఆ మాట అనలేకపోయింది. ప్రతి అనుమానితుడి దగ్గరా ఇలాంటి చిన్న దాపరికం ఒకటి ఉండాలి, అది హత్య కంటే చిన్నదే అయినా ఆ మనిషికి చాలా పెద్దదై ఉండాలి. రక్తం లేని మిస్టరీని జనం ఇంటిల్లిపాదీ చదివేది వీటి కోసమే.

పోలీసుల విషయంలో మీరు అంత భయపడక్కర్లేదు, తక్కువ రాయండి. స్విట్జర్లాండ్‌లో పోలీసు వ్యవస్థ కాంటన్ల వారీగా, అంటే మన రాష్ట్రాల్లాంటి వాటి వారీగా ఉంటుంది, ఎంగెల్‌బెర్గ్ ఉన్నది ఓబ్‌వాల్డెన్ అనే చిన్న కాంటన్‌లో, జనాభా 40 వేల లోపే. అక్కడ మాట్లాడేది జర్మన్. విచారణను నడిపేది ప్రాసిక్యూటర్. టూర్ మేనేజర్‌ను దుబాసీగా పెట్టుకోకూడదు, ఎందుకంటే అతనూ సాక్షే, అనుమానితుడు కూడా కావచ్చు. బస్సు ఇటలీలోకి పోయాక స్విస్ పోలీసు ఇటలీ పోలీసు సాయం అడగాలి, మధ్యలో సరిహద్దు దగ్గర మామూలుగా పాస్‌పోర్టు మీద ముద్రలు పడవు, రెండూ షెంజెన్ దేశాలే. ఈ కాగితాలు నడిచేలోపు రోమ్‌లో రిటర్న్ ఫ్లైట్ ఎక్కేస్తే చాలని హంతకుడు అనుకుంటాడు. అదే మీ కథకు గడువు, నాలుగు రోజులు. ఇంటికొస్తే తప్పించుకున్నట్టేనా అంటే అదీ కాదు, భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి ఇక్కడా విచారణ జరపొచ్చు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, అలాంటి కేసుకు కేంద్రం అనుమతి కావాలి. ఈ ముక్కను మీ గ్రూపులోని రిటైర్డ్ వకీలు నోట రెండు వాక్యాల్లో చెప్పిస్తే సరిపోతుంది.

ఇంతకీ 62 ఏళ్ల ఆడమనిషిని నమ్ముతారా అని అడిగారు. నమ్మకపోవడానికి ఏముంది అక్కా! ముప్పై ఏళ్లు కౌంటర్లో కూర్చుని, చెక్కు మీది సంతకాన్ని స్పెసిమెన్ కార్డుతో పోల్చి, "ఇది మీ నాన్న సంతకం కాదు బాబూ" అని ఎదుటి కుర్రాడి మొహం చూసి పసిగట్టిన మనిషికి వేరే ట్రైనింగ్ ఎందుకు? మీ ఆరు అధ్యాయాల్లో ఆమె చేసిందల్లా పోలీసాఫీసర్‌కు కాఫీ ఇవ్వడం, అతను చెప్పింది విని ఆశ్చర్యపోవడం. ఆ ఆఫీసర్‌ను పక్కకు జరపండి. ఆమెను బస్సులో ముందు నుంచి మూడో వరసలో కూర్చోబెట్టండి, మెట్లు ఎక్కే ప్రతి మనిషీ కనిపిస్తాడు. రోజూ రాత్రి ఖర్చులు చిన్న నోటుబుక్కులో రాసుకునే అలవాటు పెట్టండి, ఆ లెక్కల మధ్యలోనే ఎవరు టీ డబ్బులు ఇచ్చారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు అన్నవి పడి ఉంటాయి. ఆమె తెలివి ఎవరూ పొగడక్కర్లేదు, భర్త కూడా "నీకెందుకే ఇవన్నీ, ఫొటో దిగుదాం రా" అనే రకమైతే ఇంకా మంచిది.

ఒకటి మాత్రం మీరు రాయలేదు, రాయాలి. ఆయన పోయిన తెల్లారి బస్సులో ఏం జరిగింది? మీ రాతప్రతిలో శవాన్ని తీసుకుపోయిన మరుసటి పేరాలో అందరూ టిఫిన్ చేస్తున్నారు. సరదా మిస్టరీ అయినంత మాత్రాన చావుకు విలువ లేకుండా పోదు. ఆయన సీటు ఖాళీగా ఉంటుంది, ఎవరూ అందులో బ్యాగు పెట్టరు. సంతాపం చెప్పేందుకు ఇల్లు లేదు, స్నానం చేసి లోపలికి రమ్మనేవాళ్లు లేరు, మైలనుకునే పెద్దావిడలు ఆ పూట గుడి లేని ఊళ్లో ఏం చేయాలో తెలియక ఒకరినొకరు అడుగుతారు. ఎప్పుడూ పాటలు పాడుకుంటూ పోయే బస్సులో ఆ రోజు పాట పెట్టమని ఎవరూ అడగరు. ఆయనతో భూమి దగ్గర గొడవపడ్డవాడు కూడా ఏడుస్తాడు, అది దొంగ ఏడుపు కాకపోవచ్చు. ఈ అధ్యాయం రాశాకే మిగతావి రాయండి, హంతకుడు ఎవరో మీకే స్పష్టంగా తెలుస్తుంది.

చివరి ప్రశ్న, గ్రూపువాళ్లు. గుర్తుపడతారు, దాన్ని ఆపలేరు. పేరు మార్చితే సరిపోదు, మన దగ్గర ఇంటిపేరు, ఊరు, చేసిన ఉద్యోగం, కొడుకు ఉండే దేశం కలిస్తే మనిషి దొరికిపోతాడు. అందుకని నిజం మనిషి నుంచి ఒక్క లక్షణమే తీసుకోండి. ఆయన గొంతు ఒకరిది, ఆయన భూమి ఇంకొకరిది, ఆయన చక్కెర పిచ్చి మూడోవాళ్లది కావాలి. తొక్కు డబ్బా మీద గొడవలాంటివి ఉన్నదున్నట్టు రాసినా ఎవరికీ నొప్పి లేదు, నవ్వుకుంటారు. కానీ ఎవరి ఇంట్లోనైనా నిజంగా నడుస్తున్న భూమి కేసు, నిజంగా ఎగ్గొట్టిన చిట్టీ, నిజంగా దాచుకున్న జబ్బు మీ దృష్టికి ఈ టూర్‌లో వచ్చి ఉంటే దాన్ని ముట్టుకోకండి, అది మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట. హంతకుడి పాత్రకు మాత్రం మీ బస్సులో ఎవరి పోలికా ఉండొద్దు, అతన్ని పూర్తిగా కల్పించండి, అతని ఊరు కూడా మీ గ్రూపులో ఎవరిదీ కాకుండా చూసుకోండి. రాతప్రతి అయ్యాక గ్రూపులో మీకు బాగా దగ్గరైన ఒకరిద్దరికి ముందుగా ఇచ్చి చదివించండి, వాళ్లు ఎక్కడ ఆగి "ఇది ఫలానా ఆమె కదా" అంటే అక్కడ మార్చండి.

మూడో అధ్యాయం నుంచి మళ్లీ మొదలుపెట్టండి అక్కా. మొదటి రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, ఒక్క అక్షరం తీయొద్దు. టీ సీను, ఖాళీ సీటు అధ్యాయం రాసి ముందు ఆ రెండూ నాకు పంపండి.